తమ్ముడికి కరెంట్ షాక్ అంటున్నారు.. ఒప్పుకోవచ్చా?

ప్రశ్న: మా తమ్ముడికి 24 ఏళ్లు. నెల కిందట ఉన్నట్టుండి అరవడం, కొట్టడానికి మీదికి రావడం మొదలైంది. క్యాజువాలిటీలో ఇంజెక్షన్ ఇస్తే మరుసటి రోజు దాకా నిద్రపోయాడు. గాలి సోకిందేమోనని రెండు వారాలు తాయెత్తులు కట్టించాం. ఇప్పుడు మాట లేదు, గంటల తరబడి బిగుసుకుని ఒకేలా కూర్చుంటున్నాడు. అన్నం ముట్టడం లేదు. తెలిసినవాళ్లు చెప్తే మెడికల్ షాపులో చుక్కల మందు తెచ్చి నాలుగు రోజులుగా మజ్జిగలో కలిపి ఇస్తున్నాం. కర్నూలులో చూపిస్తే షాక్ పెట్టాల్సి రావచ్చన్నారు. దాంతో మతి పూర్తిగా పోతుందా? సంబంధం కుదిరింది, పెళ్లివారికి తెలిస్తే ఎలా?
– ఓ సోదరి, ఆదోని

జవాబు: అమ్మా, షాక్ సంగతి తర్వాత. ముందు ఆ చుక్కల మందు ఆపేసి, ఈ రోజే అబ్బాయిని ఆసుపత్రికి తీసుకెళ్లండి.

మందు పేరు మీరు రాయలేదు. రంగూ రుచీ తెలియకుండా మజ్జిగలో కలిసిపోయిందంటే బహుశా తీవ్రమైన మానసిక జబ్బులకు వాడే హాలోపెరిడాల్ అయ్యుంటుంది. డాక్టరు చూసి మోతాదు రాసిస్తే మంచి మందే. కానీ తిండీ నీళ్లూ లేక బిగుసుకుపోయిన మనిషికి అదే మందు ప్రాణం మీదికి తేవచ్చు. ఒళ్లు కొయ్యబారడం, తీవ్రమైన జ్వరం, ధారగా చెమటలు, గుండె దడ, పిలిస్తే పలకకపోవడం, మూత్రం ముదురు రంగులో రావడం.. వీటిలో ఏది కనిపించినా అది అత్యవసరం. దీన్ని న్యూరోలెప్టిక్ మాలిగ్నెంట్ సిండ్రోమ్ అంటాం. అరుదుగానే వస్తుంది, కానీ ఒంట్లో నీళ్లు తగ్గినవాళ్లకు ముప్పు ఎక్కువ. జ్వరం ఉంటే పారాసిటమాల్ వేసి రేపు చూద్దామనుకోకండి, 108కి ఫోన్ చేయండి.

ఇప్పుడున్న బిగువు జబ్బు వల్లా, మందు వల్లా, రెండూ కలిసా అన్నది చూడకుండా నేను తేల్చలేను. చుక్కల విషయం మీరు చెప్పకపోతే అక్కడ చూసే డాక్టరుకూ తేల్చడం కష్టమే. కోప్పడతారని చాలామంది దాచేస్తారు. కోప్పడితే పడనివ్వండి, సీసా చేతిలో పట్టుకుని వెళ్లి ఎన్ని చుక్కలు, రోజుకు ఎన్నిసార్లు, చివరిసారి ఎప్పుడు ఇచ్చారో చెప్పండి. రాసిచ్చిన చీటీ లేకుండా ఇలాంటి మందు అమ్మడం తప్పు, కొనడం అంతకన్నా పెద్ద తప్పు. రోగికి తెలియకుండా కలపడం నాకు అసలే నచ్చదు. రేపు ఆ సంగతి తెలిస్తే మీ చేతి అన్నం కూడా నమ్మడు.

క్యాజువాలిటీలో ఇచ్చిన మత్తు ఇంజెక్షన్ వేరే సంగతి. ఎదుటివాళ్లకో తనకో హాని చేసుకునే స్థితిలో అది అవసరం. అయితే ఇచ్చాక నాడి, బీపీ, శ్వాస, ఆక్సిజన్ చూస్తూ ఉండాలి. మద్యం తాగి ఉన్నా, అంతకుముందే నిద్రమాత్రలు వేసి ఉన్నా శ్వాస మందగించవచ్చు, ఆ విషయమూ దాచకూడదు. ఇంకొకటి, సగం నిద్రలో ఉన్నవాడి నోట్లో 'నీరసంగా ఉన్నాడు' అని పాలు పోయకండి. ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పక్కకు తిప్పి పడుకోబెట్టండి.

మీరు రాసిన లక్షణాలు కాటటోనియాలా, అంటే మాటా కదలికా ఆగిపోయి మనిషి బిగుసుకుపోయే స్థితిలా ఉన్నాయి. సాధారణంగా మొదట లోరజెపామ్ అనే మందు ఇచ్చి చూస్తారు. చాలామందిలో కదలిక, మాట త్వరగానే వస్తాయి. రాకపోతేనో, తిండి మానేసి మనిషి దిగజారిపోతుంటేనో ఈసీటీ, అంటే మీరనే షాక్, వాయిదా వేయకూడదు. ఆ పరిస్థితిలో అది ప్రాణం నిలిపే వైద్యం.

మత్తు ఇవ్వకుండా నలుగురు పట్టుకుని షాక్ పెట్టడం గురించి పెద్దవాళ్లు చెప్పగా విని ఉంటారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం దాన్ని నిషేధించింది. ఇప్పుడు మత్తు డాక్టరు నిద్రపుచ్చి, కండరాలు సడలే మందు ఇచ్చి, ఆక్సిజన్ పెట్టాకే చేస్తారు. షాక్‌తో వచ్చే ఫిట్స్ నిమిషం లోపే ఉంటాయి, కాలి వేళ్లు కాస్త అదరడం తప్ప బయటికి పెద్దగా ఏమీ కనిపించదు. అదే చట్టం ప్రకారం ఎమర్జెన్సీ చికిత్స పేరుతో షాక్ పెట్టకూడదు, సమ్మతి కావాలి. కాబట్టి క్యాజువాలిటీకి తీసుకెళ్తే వెంటనే షాక్ పెట్టేస్తారన్న భయం వద్దు.

మతి పోదు. లేచాక కాసేపు తికమక, తలనొప్పి ఉంటాయి. చికిత్స జరిగిన వారాల సంగతులు, అంతకుముందువి కొన్ని గుర్తుండకపోవచ్చు. చాలావరకు కొన్ని వారాల్లో సర్దుకుంటుంది, కొందరికి కొన్ని జ్ఞాపకాలు తిరిగి రాకపోవచ్చు కూడా. వారానికి రెండు మూడుసార్లు, మొత్తం 6 నుంచి 12 దాకా ఇవ్వడం మామూలు. ఆ రోజు పొద్దున ఖాళీ కడుపుతోనే ఉండాలి. వార్డులో మేం ఎన్నిసార్లు చెప్పినా జాలిపడి అర ఇడ్లీ, గుక్కెడు కాఫీ పెట్టేస్తుంటారు. మత్తులో వాంతయితే అదే ప్రమాదం.

తాయెత్తు కట్టించినందుకు మిమ్మల్ని తప్పుపట్టను. వైద్యం లేకుండా రెండు వారాలు పోయాయన్నదే నా బాధ. పెళ్లి మాటలు ప్రస్తుతానికి ఆపండి. కోలుకున్నాక అబ్బాయితో కలిసి డాక్టరును అడిగి నిర్ణయించుకోవచ్చు. బండి దొరికేలోపు సందేహాలుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఏ వేళైనా చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. ఆ ఫోన్ కోసం మాత్రం ప్రయాణం ఆపకండి.