కాశీబుగ్గ కాటా ప్రోగ్రాంకి లాగ్ ఎలా పెట్టుకోవాలంటే

విజయనగరం

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

జీడిపిక్కల దుకాణానికి నువ్వు రాసిన పైథాన్ ప్రోగ్రాం మొత్తం చదివాను. కాటా నుంచి తూకం తీసుకుని, 80 కిలోల బస్తా లెక్కన ధర కట్టి, బిల్లు ఇవ్వడం వరకూ బాగుంది. కానీ ఎక్కడ చూసినా తెరమీద చూపే ప్రింటే, జరిగింది ఫైల్లో రాసిపెట్టే లాగ్ ఒక్కటీ లేదు. సీజన్లో ఆ కంప్యూటరు కాశీబుగ్గలో ఉంటుంది, నువ్వు ఇక్కడ ఉంటావు. సాయంత్రం ఏడింటికి షావుకారు ఫోన్ చేసి "తూకం రావట్లేదమ్మా, బళ్ళు ఆగిపోయాయి" అంటే నీకు కనపడేది ఏమీ ఉండదు. అందుకే వివరంగా రాస్తున్నాను.

లాగ్ అంటే మన షావుకార్ల చిట్టా అనుకో. డేటాబేసు ఆవర్జా. ఆవర్జాలో తేలిన లెక్క ఉంటుంది, చిట్టాలో జరిగింది జరిగినట్టు వరసగా ఉంటుంది. తేడా వస్తే ఎవరైనా ముందు తీసేది చిట్టానే.

ముందు ఏర్పాటు సంగతి. లాగ్ సెట్టింగులన్నీ ప్రోగ్రాం మొదలయ్యే ఫైల్లో, అన్నిటికంటే ముందు, ఒకే ఒక్కచోట పెట్టు. మిగతా ఫైళ్ళలో పైన ఒక్క లైను చాలు: గెట్‌లాగర్‌కి ఆ ఫైలు పేరు ఇచ్చి లాగర్ (లాగ్ లైన్లు రాసేది) తీసుకోవడం. సెట్టింగులు పెట్టడానికి బేసిక్‌కాన్ఫిగ్ వాడితే ఒక చిక్కుంది. అన్ని లాగర్లకీ పైనుండే రూట్ లాగర్‌కి అప్పటికే హ్యాండ్లర్ (లైన్లని ఫైలుకో స్క్రీన్‌కో చేర్చేది) ఉంటే అది ఏమీ చెయ్యదు, చెయ్యలేదని చెప్పదు కూడా. అంతకుముందు ఎక్కడో ఒక్కసారి నేరుగా లాగింగ్.ఇన్ఫో అని పిలిచినా చాలు, పైథాన్ తనంతట తాను స్క్రీన్ హ్యాండ్లర్ తగిలించేస్తుంది. ఆ తర్వాత నువ్వు ఇచ్చిన ఫైలు పేరు, ఫార్మాట్ అన్నీ గాల్లో కలిసిపోతాయి. పైథాన్ 3.8 నుంచి బేసిక్‌కాన్ఫిగ్‌లో ఫోర్స్ అనే ఆప్షన్ ఉంది, దానికి ట్రూ ఇస్తే పాతవి తీసేసి నీవి పెడుతుంది. సెట్టింగులన్నీ ఒక డిక్షనరీగా ఇచ్చే డిక్ట్‌కాన్ఫిగ్‌కి వెళ్తే 'డిసేబుల్ ఎగ్జిస్టింగ్ లాగర్స్'కి ఫాల్స్ అని నువ్వే ఇవ్వాలి. ఇవ్వకపోతే అప్పటికే పుట్టిన లాగర్ల నోరు మూసేస్తుంది.

లైను ఎంత ముఖ్యమో చెప్పే లెవెళ్ళు ఐదు: డీబగ్ 10, ఇన్ఫో 20, వార్నింగ్ 30, ఎర్రర్ 40, క్రిటికల్ 50. దుకాణం లెక్కలో చెప్తాను. కాటా పంపిన అక్షరాలు యథాతథంగా డీబగ్. బిల్లు తెగింది, ఇన్ఫో. తూకం మూడోసారికి గానీ నిలవలేదు, వార్నింగ్. బిల్లు ప్రింటవలేదు, ఎర్రర్. డేటాబేసే తెరుచుకోలేదు, క్రిటికల్. పని సాగుతున్నదాన్ని ఎర్రర్ అని రాయకు. రోజుకి రెండొందల ఎర్రర్లు కనపడితే అసలైనది వచ్చిన రోజు నువ్వే పట్టించుకోవు.

ఒక లైను ఫైల్లో పడాలంటే రెండు గేట్లు దాటాలి. ఒకటి లాగర్ లెవెల్, రెండోది హ్యాండ్లర్ లెవెల్. హ్యాండ్లర్‌కి డీబగ్ ఇచ్చి, రూట్ లాగర్‌ని వదిలేస్తే అది డిఫాల్టుగా వార్నింగ్ దగ్గరే ఉంటుంది. డీబగ్ లైను మొదటి గేటు దగ్గరే ఆగిపోతుంది. రూట్‌కి డీబగ్ ఇస్తే నీ లైన్లతోపాటు యూఆర్ఎల్‌లిబ్3 లాంటి బయటి లైబ్రరీల గోల కూడా వచ్చి పడుతుంది. వాటి లాగర్లకి పేరుపేరునా వార్నింగ్ పెట్టు.

ఒకే లైను రెండుసార్లు పడుతుంటే రూట్‌కీ ఒక హ్యాండ్లర్, కింది లాగర్‌కీ ఒక హ్యాండ్లర్ తగిలించి ఉంటావు. రూట్‌కి మాత్రమే ఉంచు. బిల్లు బిల్లుకీ కాపీలు పెరుగుతుంటే, పదో బిల్లుకి పది లైన్లు వస్తుంటే, యాడ్‌హ్యాండ్లర్ బిల్లు ఫంక్షన్ లోపల ఉందన్నమాట.

ఇప్పుడు ఫైలు. పేరొక్కటే ఇవ్వకు, డ్రైవు నుంచి పూర్తి దారి ఇవ్వు. లేకపోతే ఐకాన్ నొక్కి తెరిచిన రోజు ఒక ఫోల్డర్లో, టాస్క్ షెడ్యూలర్ తెరిచిన రోజు ఇంకో ఫోల్డర్లో పడుతుంది. ఫోల్డర్ లేకపోతే ఫైల్‌హ్యాండ్లర్ దాన్ని సృష్టించదు, ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. ముందు నువ్వే సృష్టించాలి. ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని తప్పనిసరిగా రాయి. రైతుల పేర్లు తెలుగులో ఉన్నాయి కదా. రాయకపోతే విండోస్ తన పాత కోడ్‌పేజీ (అక్షరాల పట్టిక) వాడుతుంది, అందులో తెలుగు అక్షరాలు ఉండవు. అప్పుడు ప్రోగ్రాం ఆగదు, ఆ లైను మాత్రం మాయమవుతుంది. నల్ల విండో (కన్సోల్) లేకుండా నడిచే ప్రోగ్రాంలో ఆ ఫిర్యాదు కూడా ఎక్కడా కనపడదు.

సైజు చూసి ఫైలుని తిప్పే, అంటే నిండినదాని పేరు మార్చి కొత్తది మొదలుపెట్టే, రొటేటింగ్‌ఫైల్‌హ్యాండ్లర్ నీకు సరిపోతుంది. మ్యాక్స్‌బైట్స్ 5 ఎంబీ, బ్యాకప్‌కౌంట్ 10 ఇవ్వు. నడుస్తున్న ఫైలుతో కలిపి 11 ఫైళ్ళు, 55 ఎంబీ దాటవు. ఈ రెంటిలో ఏది సున్నా అయినా ఫైలు తిరగదు, డిస్కు నిండేదాకా పెరుగుతూనే ఉంటుంది. యూటీఎఫ్-8లో తెలుగు గుర్తు ఒక్కోటి 3 బైట్లు, 'శ్రీ' ఒక్కటే 12 బైట్లు. అందుకని లైనులో రైతు పేరు కాదు, బిల్లు నంబరు రాయి. ఫోన్ నంబరు, ఆధార్, బ్యాంకు ఖాతా అసలు రాయకు. లాగ్ ఫైలు వాట్సాప్‌లో చేతులు మారుతుంది, అందులో పరాయివాళ్ళ వివరాలు ఉండటం తప్పు. 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా వచ్చింది.

విండోస్‌లో ఇంకోటి. దుకాణంలో కుర్రాడు ఐకాన్ రెండుసార్లు నొక్కి ప్రోగ్రాం రెండు కాపీలు తెరుస్తాడు. రెండు కాపీల చేతుల్లోనూ ఒకే ఫైలు ఉంటుంది. 5 ఎంబీ నిండగానే పేరు మార్చబోతే విండోస్ ఒప్పుకోదు, విన్‌ఎర్రర్ 32. అక్కణ్ణుంచి వచ్చే ప్రతి లైనూ పోతుంది, రెండో కాపీ మూసేదాకా. ఫైలు సరిగ్గా 5 ఎంబీ దగ్గర బిగుసుకుపోతే అనుమానించాల్సింది ఇదే. రెండో కాపీ అసలు తెరుచుకోకుండా చెయ్యి.

నల్ల విండోలోకి లాగ్ పంపడం మానెయ్. అందులో ఎవరైనా మౌస్‌తో నొక్కి అక్షరాలు ఎంచుకుంటే విండోస్ అవుట్‌పుట్‌ని ఆపేస్తుంది, తర్వాతి లైను రాయబోయి ప్రోగ్రాం అక్కడే నిలబడిపోతుంది. చూసేవాళ్ళకి కాటా పాడైనట్టే ఉంటుంది.

అసలు ముఖ్యమైనది ఏం రాయాలన్నది. "తూకం ఎర్రర్" అని నువ్వు ఇప్పుడు ప్రింట్ చేస్తున్నది ఎందుకూ పనికిరాదు. ఇలా ఉండాలి:

2025-04-18 19:04:22,317 ఎర్రర్ కాటా: బిల్లు=1187 పోర్ట్=కామ్3 స్పీడు=9600 ప్రయత్నం=3/3 వచ్చింది=బి''

ఆ చివరి ముక్కలోనే ప్రాణమంతా ఉంది. కాటా పంపినదాన్ని శుభ్రం చెయ్యకుండా, పర్సెంట్ ఆర్ (%r)తో, కొటేషన్ల మధ్య రాయి. స్పేసులు, లైను చివరి గుర్తులు కూడా కనపడతాయి. కొటేషన్ల మధ్య ఖాళీగా ఉంటే టైమౌట్ అయింది, కేబుల్ ఊడిందో కాటా ఆపేశారో చూడమను. అర్థంకాని చెత్త అక్షరాలుంటే కాటా స్పీడూ కంప్యూటరు స్పీడూ కలవలేదు, ఎవరో కాటా సెట్టింగు 2400కి మార్చి ఉంటారు. సగం తూకమే వస్తే తప్పు నీదే, లైను పూర్తయ్యేలోపు చదివేస్తున్నావు. చాలా కాటాలు తూకం నిలిస్తే ఎస్‌టీ అని, ఊగుతుంటే యూఎస్ అని ముందు పంపుతాయి. యూఎస్ వచ్చినప్పుడు బిల్లు తెగిందంటే రైతుకో షావుకారుకో నష్టం జరిగిందన్నమాట. ఈ ఒక్క లైనుతో నువ్వు ఇక్కడ కూర్చునే ఫోన్‌లో ఏ తీగ బిగించాలో చెప్పగలవు.

ఎక్సెప్ట్ బ్లాకులో ఎర్రర్ బదులు లాగ్.ఎక్సెప్షన్ వాడు, ట్రేస్‌బ్యాక్ (తప్పు ఏ లైన్లో, ఎలా వచ్చిందన్న జాడ) మొత్తం దానితోపాటే పడుతుంది. విలువల్ని ఎఫ్-స్ట్రింగ్‌లో కుట్టకుండా, పర్సెంట్ ఎస్ (%s) పెట్టి విడిగా ఇవ్వు. లెవెల్ దాటని లైనుకి వాక్యం కూర్చే శ్రమ తప్పుతుంది. బయటివాళ్ళు టైప్ చేసిన మాటని ఎప్పుడూ ఫార్మాట్ స్థానంలో (లాగ్‌కి ఇచ్చే మొదటి మాటగా) ఉంచకు. 2021 డిసెంబరులో జావా వాళ్ళ లాగ్4జె ప్రపంచాన్నంతా హడలెత్తించింది ఇలాంటి కారణానికే: లాగ్‌లో పడిన పరాయి మాటని అది ఆజ్ఞగా తీసుకుంది.

ప్రోగ్రాం తెరవగానే వెర్షన్, పోర్టు, స్పీడు, లాగ్ ఫోల్డర్ ఒక లైనులో రాయి. మూసేటప్పుడు "మూసివేత" అని ఇంకో లైను. తెరిచిన లైను ఉండి, దానిముందు మూసివేత లేకపోతే కరెంటు పోయి ఉండాలి, లేదా ప్రోగ్రాం కూలి ఉండాలి. కరెంటు పోయినప్పుడు చివరి కొద్ది లైన్లు డిస్కు మీదకి చేరకపోవచ్చు. లైనుకోసారి ఫ్లష్ (రాసినదాన్ని ప్రోగ్రాం బయటికి తోయడం) అయినా అది విండోస్ చేతికి చేరిందనే అర్థం. యూపీఎస్ పెట్టించు. తేదీ ఏళ్ళ వెనక్కి పోయి కనపడితే మదర్‌బోర్డు మీద బిళ్ళ బ్యాటరీ అయిపోయింది, మార్పించు.

షావుకారుకి అప్పగించే ముందు తూకం మధ్యలో కాటా కేబుల్ పీకి చూడు, ప్రింటర్‌లో కాగితం తీసి చూడు, రెండో కాపీ తెరిచి చూడు. పరీక్ష కోసం మ్యాక్స్‌బైట్స్ 2000కి తగ్గించి ఫైలు నిజంగా తిరుగుతోందో లేదో చూసి, మళ్ళీ 5 ఎంబీకి మార్చడం మర్చిపోకు. ఆ ఫైళ్ళు నాకు పంపు, ఆదివారం చూస్తాను.

ఇట్లు,
మావయ్య