"నేను తుపాకీ ముట్టను, చూడ్డానికే పోతా" అంటే చట్టం ఒప్పుకుంటుందా?

ప్రశ్న: లాయర్ గారూ, మాది హనుమకొండ. ప్రభుత్వ పాఠశాలలో టీచర్‌ని. నా చిన్నప్పటి దోస్తు ఒకాయన చాలా ఏండ్లుగా వేటకు పోతుంటాడు. "ఒక్కసారి నా వెంట రా, దుప్పిని ఎట్లా పసిగట్టాలో, గాలివాటం ఎట్లా చూసుకోవాలో నేర్పుతా" అంటున్నాడు. వచ్చే శనివారం రాత్రి తాడ్వాయి దిక్కు పోదామంటున్నాడు. ఆయన తుపాకీకి లైసెన్సు ఉంది. నేను తుపాకీ ముట్టను, కారు మాత్రం నాది. దారి చూపడానికి గూడెం నుంచి ఒకతను వస్తాడట. వాళ్లకు వేట హక్కు ఉంటుందని, అతను వెంట ఉంటే భయం లేదని, ఒకవేళ పట్టుబడినా ఫైన్ కట్టి బయటపడొచ్చని అంటున్నాడు. ఇందులో నిజమెంత?

సమాధానం: వెళ్లకండి. కారు కూడా ఇవ్వకండి. మీ దోస్తు చెప్పినవాటిలో ఫైన్ మాట ఒక్కటే సగం నిజం. ఆ సగం కూడా తాడ్వాయిలో పనికిరాదు.

ముందు మీ మాట చూద్దాం: "చూడ్డానికే పోతా." వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం వేట అంటే జంతువును చంపడం ఒక్కటే కాదు. పట్టుకోవడం, ఉచ్చు వేయడం, తరమడం, ఎర పెట్టడం, విషం పెట్టడం కూడా వేటే. వాటికోసం చేసే ప్రతి ప్రయత్నమూ వేటే అని సెక్షన్ 2, క్లాజు 16 చెబుతోంది. అంటే తూటా గురి తప్పినా, రాత్రంతా తిరిగి ఉత్త చేతులతో ఇంటికొచ్చినా నేరం జరిగినట్టే. దానికి తోడు సెక్షన్ 52 ఉంది. ప్రయత్నించినవాళ్లనూ, తోడ్పడినవాళ్లనూ అసలు నేరం చేసినవాళ్లుగానే లెక్కిస్తుంది.

పక్కన నిలబడ్డారన్న ఒక్క కారణంతో శిక్ష పడదు. తోడ్పాటు అంటే సంగతి తెలిసి కావాలని చేసిన సాయం. కానీ మొదటిసారి వెళ్లినవాళ్లు అడవిలో ఊరికే నిలబడరు. ఎవరూ నిలబడనివ్వరు కూడా. తుపాకీ పట్టినవాడికి రెండు చేతులూ దానికే సరిపోతాయి. కాబట్టి లైటు కొత్తవాడి చేతికి వస్తుంది. దుప్పి కళ్లు మెరవగానే వెలుతురు కదలకుండా దాని మీదే ఆపమంటారు. ఆ వెలుగుకు జంతువు కొన్ని క్షణాలు కదలకుండా నిలబడుతుంది, గురి కుదిరేది అప్పుడే. చట్టం దృష్టిలో ఆ లైటు పట్టుకున్న చెయ్యి వేటలో భాగమే. కారు నడపడం, గోనె సంచి మోయడం, కోసేటప్పుడు కాలు పట్టుకోవడం, రోడ్డు మీద జీపు లైట్లు కనబడితే ఫోన్ కొట్టడం, పెట్రోలుకు ఫోన్‌పే చేయడం కూడా అంతే. మీ విషయంలో కారు మీదే కాబట్టి, ఇంటి నుంచి బయల్దేరినప్పుడే ఆ గీత దాటేస్తారు.

ఇక జాగా. తాడ్వాయి ఉన్నది ఏటూరునాగారం అభయారణ్యంలో. 1953 నుంచీ అది రక్షిత ప్రాంతం. నర్సంపేట వైపు వెళ్తే పాకాల అభయారణ్యం, మంచిర్యాల వైపు కవ్వాల్ టైగర్ రిజర్వు. అభయారణ్యంలోకి అనుమతి లేకుండా అడుగు పెట్టడమే సెక్షన్ 27 కింద తప్పు. జాతీయ రహదారి మీదుగా ఏటూరునాగారం పోయే ప్రయాణికులకు ఆ సెక్షన్‌లోనే మినహాయింపు ఉంది. కారు పక్కకు ఆపి చెట్లలోకి దిగితే ఆ మినహాయింపు పోతుంది. ఆయుధంతో ప్రవేశించడం గురించి చెప్పే సెక్షన్ 31లో ప్రయాణికులనే మాటే లేదు. చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ లేదా ఆయన అధికారమిచ్చిన అధికారి ముందుగా రాసిచ్చిన అనుమతి ఉండాలి. అందువల్ల ఒక్క తూటా పేలకపోయినా, ఏ జంతువూ ఎదురుపడకపోయినా, మీ డిక్కీలో తుపాకీ దొరికితే కేసుకు అది చాలు.

శిక్షలో తేడా కూడా జాగాను బట్టే వస్తుంది. చుక్కల దుప్పి ఇప్పుడు ఆ చట్టంలోని రెండో షెడ్యూల్‌లో, అంటే రక్షిత జంతువుల రెండో జాబితాలో ఉంది. అభయారణ్యం బయట దాన్ని వేటాడితే మూడేళ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. అదే దుప్పిని అభయారణ్యం లోపల వేటాడితే కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఏడేళ్లు జైలు, దానికి తోడు 25 వేలకు తగ్గని జరిమానా. కృష్ణజింక, చింకారా, కొండగొర్రె (నాలుగు కొమ్ముల జింక), మూషిక జింక మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి కాబట్టి వాటిని ఎక్కడ వేటాడినా ఇదే కనీస శిక్ష. చీకట్లో మెరిసే రెండు కళ్లను చూసి అది దుప్పో, కొండగొర్రో, పొలం కాపలాకు వచ్చి నెత్తి లైటు పెట్టుకున్న రైతో చెప్పగలిగేంత అనుభవం ఎవరికీ ఉండదు. తూటా మనిషికి తగిలితే భారతీయ న్యాయ సంహిత కింద కేసు వేరే నడుస్తుంది.

ఫైన్ మాట ఎక్కడి నుంచి వచ్చిందంటే, సెక్షన్ 54 కింద అధికారమున్న అటవీ అధికారి కొన్ని నేరాలను సొమ్ము కట్టించుకుని రాజీ చేయవచ్చు. 2022 సవరణ తర్వాత ఆ సొమ్ము ఐదు లక్షల దాకా ఉండవచ్చు. అది అధికారి విచక్షణ మాత్రమే, మీరు హక్కుగా అడగలేరు. కనీస జైలు శిక్ష ఉన్న నేరాలకు ఆ దారి అసలే లేదు. అభయారణ్యంలో వేట సరిగ్గా అలాంటి నేరం. కాబట్టి మీరు అనుకున్న చోట ఫైన్‌తో ముగిసేది ఏమీ ఉండదు.

లైసెన్సు తుపాకీ సంగతి. ఆయుధ చట్టం కింద ఇచ్చే లైసెన్సు తుపాకీ దగ్గర పెట్టుకోవడానికే, వేటాడటానికి కాదు. లైసెన్సుదారు దగ్గరుండగా మరొకరు తుపాకీ మోయవచ్చని సెక్షన్ 3లో ఉంది, కానీ అది రిపేరుకో, రెన్యువల్‌కో, ఆ లైసెన్సుదారు వాడుకోవడానికో మాత్రమే. "ఒక్కసారి పేల్చి చూడు" అని ఆయన చేతికిస్తే మీరు లైసెన్సు లేకుండా ఆయుధం వాడినట్టే. ఇంకో మాట. లైసెన్సు తుపాకీ పేరు చెప్పి తీరా అడవికి వెళ్లాక నాటు తుపాకీ బయటికి తీసేవాళ్లున్నారు. లైసెన్సు తుపాకీకి తూటాల లెక్క రాయాల్సి ఉంటుంది కదా, అందుకు. లైసెన్సు లేని తుపాకీ కలిగి ఉంటే 2019 సవరణ తర్వాత రెండేళ్లకు తక్కువ కాకుండా ఐదేళ్ల వరకు జైలు. ఆ కేసు పోలీసులు పెడతారు, అటవీ శాఖ కేసు దాని పక్కనే నడుస్తుంది. ఎయిర్‌గన్‌ల మాటా చాలామంది అడుగుతారు. 20 జౌల్స్‌కు మించని శక్తి, 0.177 అంగుళాల బోరు ఉన్నవాటికి లైసెన్సు అక్కర్లేదు. కానీ వాటితో కొట్టినా వేట వేటే.

తుపాకీ కూడా ఉండదు, తీగ పెడతామని ఎవరైనా అంటే ఆ క్షణమే అక్కడి నుంచి వచ్చేయండి. పదకొండు కేవీ లైనుకు కొక్కెం వేసి జానెడు ఎత్తులో బైండింగ్ వైరు లాగితే, ఆ తీగకు దుప్పి ఏదో, పశువు ఏదో, మేకల కాపరి ఎవరో తెలియదు. మన జిల్లాల్లో ఇలా మనుషులూ పోయారు. కరెంటు చౌర్యం కేసు, ప్రాణం పోతే నేరపూరిత నరహత్య కేసు రెండూ మెడకు చుట్టుకుంటాయి.

గూడెం మనిషి గురించి మీ దోస్తు చెప్పింది పూర్తిగా తప్పు. అటవీ హక్కుల చట్టం, 2006 ఆదివాసీల సంప్రదాయ హక్కులను గుర్తిస్తూనే, సెక్షన్ 3లో వేటాడే హక్కును పేరుపెట్టి మినహాయించింది. ఆయన వెంట ఉన్నంత మాత్రాన మీకు రక్షణ రాదు. ఆయనకూ ఉండదు. ఇలాంటి కేసుల్లో నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇదే. కారున్నవాళ్లు వకీలును పెట్టుకుని బెయిలు తెచ్చుకుంటారు. ఐదొందల కూలికి దారి చూపినవాడు జామీనుదారులు దొరక్క జైల్లోనే ఉండిపోతాడు. మీరు టీచరు, ఆయన పిల్లలు మీ బడికే వస్తుండవచ్చు.

మాంసం సంగతి చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. వేటాడిన జంతువు, దాని మాంసం, తోలు, కొమ్ము అన్నీ వన్యప్రాణి చట్టం సెక్షన్ 39 కింద ప్రభుత్వ ఆస్తి. రోడ్డు మీద బండి తగిలి చచ్చిన దుప్పి అయినా అంతే. కిలో మాంసం ఫ్రిజ్‌లో దొరికితే అది మీ దగ్గర అక్రమంగా ఉన్నట్టే సెక్షన్ 57 ఊహిస్తుంది, కాదని నిరూపించే బరువు మీ మీద పడుతుంది. "మేక మాంసం అనుకున్నా" అన్న వాదన ల్యాబు రిపోర్టు దాకానే. హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థ డీఎన్ఏ పరీక్షతో ఏ జంతువో తేల్చి చెబుతుంది. వండిన కూర నుంచి కూడా తేల్చవచ్చు. పంచుకున్న ఇళ్లన్నీ కేసులోకి వచ్చేది ఇలాగే.

కారు కూడా సెక్షన్ 39 కిందికే వస్తుంది. జప్తు చేసిన వాహనాన్ని నేరానికి వాడారని కోర్టులో రుజువైతే అది ప్రభుత్వ ఆస్తి అవుతుంది. కేసు నడుస్తుండగా తాత్కాలికంగా విడిపించే అధికారం మేజిస్ట్రేటుకు ఉందని 2008లో సుప్రీంకోర్టు చెప్పింది కాబట్టి పిటిషన్ వేయవచ్చు. విడుదలైనా కేసు తేలేదాకా దాన్ని అమ్మలేరు, కోర్టు అడిగినప్పుడల్లా చూపాలి. మీ ఉద్యోగం మాట దీనికంటే తొందరగా తేలిపోతుంది. 48 గంటలు మించి కస్టడీలో ఉంటే సస్పెన్షన్ ఉత్తర్వు ఎవరూ రాయనక్కర్లేదు, నిబంధన ప్రకారం సస్పెండ్ అయినట్టే లెక్క. శనివారం రాత్రి పట్టుబడి ఆదివారం రిమాండుకు వెళ్తే, బెయిలు పిటిషన్ విచారణకు వచ్చేసరికే ఆ గడువు దాటిపోతుంది.

మీ దోస్తు "అడవి పందికి పర్మిషన్ ఉంది" అని కూడా అనవచ్చు. పంటలను పాడుచేసే రెండో షెడ్యూల్ జంతువుల విషయంలో సెక్షన్ 11 కింద అనుమతి ఇచ్చే వీలున్న మాట నిజమే. ఆ కాగితం చూపించమనండి. అందులో కారణం రాసి ఉండాలి, ఏ ఊరు, ఏ జంతువు, ఎవరు కాల్చాలి అన్నది ఉండాలి. పంది పేరుతో ఇచ్చిన అనుమతి దుప్పికి పనికిరాదు. అనుమతితో చంపిన పంది కళేబరం కూడా ప్రభుత్వ ఆస్తే, వండుకోవడానికి లేదు.

ఇది చదివేసరికే ఎవరైనా ఒకసారి వెళ్లొచ్చి ఉంటే, వాళ్లకు కొన్ని మాటలు. ఫోన్‌లో ఫొటోలు, వాట్సాప్ మెసేజ్‌లు చెరపకండి. సాక్ష్యం మాయం చేయడం వేరే నేరం, పైగా అవతలివాళ్ల ఫోన్‌లో అవి ఉండనే ఉంటాయి. అరెస్టు భయం ఉంటే సెషన్స్ కోర్టులో ముందస్తు బెయిలుకు దరఖాస్తు చేసుకోండి. అటవీ అధికారులు పిలిస్తే తప్పించుకు తిరగకుండా, వకీలుతో మాట్లాడి వెళ్లండి. ఇక్కడ ఒక తేడా తప్పక తెలుసుకోవాలి. పోలీసుల ముందు ఒప్పుకున్నది కోర్టులో మీ మీద వాడటానికి వీల్లేదని అందరికీ తెలుసు. అటవీ అధికారి పోలీసు కాదు, కాబట్టి ఆ రక్షణను నమ్ముకుని అక్కడ మాట్లాడకూడదు. అసిస్టెంట్ కన్జర్వేటర్ హోదాకు తగ్గని అధికారి మీ సమక్షంలో నమోదు చేసిన సాక్ష్యం విచారణలో చెల్లుతుంది. చదవని కాగితం మీద, ఖాళీ కాగితం మీద సంతకం పెట్టకండి. పంచనామాలో రాసిన వస్తువులు నిజంగా అక్కడ దొరికినవేనా చూడండి, కాకపోతే ఆ మాట సంతకం పక్కనే రాయండి. మీకు వ్యతిరేకంగా మీరే సాక్ష్యం చెప్పనక్కర్లేదని రాజ్యాంగం 20వ అధికరణం చెబుతోంది. అరెస్టు చేస్తే కారణం చెప్పాలి, 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. వకీలును పెట్టుకునే స్తోమత లేనివాళ్లు, ముఖ్యంగా ఆ గూడెం మనిషిలాంటివాళ్లు, 15100కు ఫోన్ చేస్తే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది.

దుప్పిని దగ్గరగా చూడాలన్న మీ కోరికలో తప్పేమీ లేదు. తాడ్వాయిలో అటవీ శాఖ వసతి ఉంది, కవ్వాల్‌లో జన్నారం నుంచి సఫారీ నడుస్తుంది. అభయారణ్యంలో ఫొటోలకు, పర్యటనకు సెక్షన్ 28 కింద అనుమతి ఇస్తారు. నాలుగేళ్లకోసారి జరిగే పులుల గణనకు వాలంటీర్లను తీసుకున్నప్పుడు దరఖాస్తు పెట్టుకుంటే, సిబ్బంది వెంట కాలినడకన అడవి తిరగవచ్చు. గాలి మీ మొహానికి కొట్టేలా నడవడం, తెల్లవారుజామున నీటి పక్క కదలకుండా కూర్చోవడం, దుప్పి ఒక్కసారిగా అరిస్తే చిరుత ఎటు ఉందో ఊహించడం, మీ దోస్తు నేర్పుతానన్నవన్నీ అక్కడే నేర్చుకోవచ్చు. అనుమతి ఉన్నా ఉప్పు చల్లి రప్పించకండి, అది ఎర కిందికి వస్తుంది. రాలిపోయిన కొమ్ము కనబడితే ఫొటో తీసుకుని అక్కడే వదిలేయండి. తెలియక ఎవరైనా ఇంటికి తెచ్చి ఉంటే, సెక్షన్ 39 చెప్పినట్టు 48 గంటల్లోపు దగ్గరి రేంజి ఆఫీసులోనో పోలీసు స్టేషన్‌లోనో రాతపూర్వకంగా తెలిపి అప్పగించి, రసీదు తీసుకోండి.