ఎన్నికల ఖర్చుల లెక్కలు అడిగే పనిలో భవిష్యత్తు ఉందా?

ప్రశ్న: మా అమ్మాయి బీకాం ఫైనల్ ఇయర్. సీఏ చేస్తుందనుకుంటే, లా చదివి, పార్టీల విరాళాలు, ఎన్నికల ఖర్చులు జనానికి తెలిసేలా పోరాడే సంస్థల్లో పనిచేస్తానంటోంది. అందులో జీతాలుంటాయా? నాయకులతో గొడవలు మనకెందుకని ఇంట్లో అందరికీ టెన్షన్. ఏం చెప్పమంటారు?

జవాబు: ఆపకండి. అలాగని రేపే ఢిల్లీ పంపించేయనూ వద్దు. మీ అమ్మాయి అడుగుతున్నది ఉద్యమం అని మీరు భయపడుతున్నారు కానీ, నాకు తెలిసినంతలో అందులో ముప్పావు వంతు లెక్కలు చూసే పనే, కాబట్టి ఆమె చదివిన బీకాం ఏమీ వృథా పోదు.

ఈ పని వల్ల ఏం మారిందో ముందు చూడండి. 1999లో అహ్మదాబాద్ ఐఐఎం ప్రొఫెసర్లు కొందరు ఏడీఆర్ (అసోసియేషన్ ఫర్ డెమోక్రటిక్ రిఫార్మ్స్) అనే సంస్థ పెట్టి కోర్టుకెళ్లారు. అభ్యర్థులు తమ ఆస్తులు, అప్పులు, క్రిమినల్ కేసులు వెల్లడించాల్సిందేనని 2002లో సుప్రీంకోర్టు చెప్పింది. దాన్ని నీరుగార్చేలా చట్టం సవరిస్తే పౌరహక్కుల సంస్థ పీయూసీఎల్, మన లోక్‌సత్తా, ఏడీఆర్ మళ్లీ కోర్టుకెక్కాయి, 2003లో ఆ సవరణ కొట్టేశారు. ఇవాళ నామినేషన్ల టైమ్‌లో ఫలానా అభ్యర్థి ఆస్తి ఇన్ని కోట్లని మనం పేపర్లో చదువుతున్నామంటే వాళ్ల పుణ్యమే. తర్వాత, దాత పేరు బయటికి రాకుండా పార్టీలకి విరాళమిచ్చే ఎన్నికల బాండ్ల పథకాన్ని 2024 ఫిబ్రవరి 15న కోర్టు రద్దు చేసింది. మార్చిలో మొదట వచ్చినవి రెండు విడివిడి జాబితాలు, ఒకదాంట్లో బాండ్లు కొన్నవాళ్లు, రెండోదాంట్లో వాటిని మార్చుకున్న పార్టీలు. ఎవరి డబ్బు ఎవరికి చేరిందో వాటిని బట్టి తేలదు. కోర్టు గట్టిగా పట్టుబట్టాక బాండ్ల నంబర్లు కూడా బయటికొచ్చాయి, అప్పుడు జర్నలిస్టులు, డేటా తెలిసిన కుర్రాళ్లు కూర్చుని నంబర్‌కి నంబర్ జతచేస్తే అసలు బొమ్మ కనిపించింది. వకీలు ఎంత అవసరమో ఎక్సెల్ వచ్చినవాళ్లూ అంతే అవసరం.

ఇక మన రాష్ట్రాల సంగతి. అసెంబ్లీ అభ్యర్థి ఖర్చు పరిమితి 2022 నుంచి 40 లక్షలు. ప్రతి అభ్యర్థికీ ఒక రిజిస్టర్ ఇస్తారు, రోజువారీ ఖర్చుకి తెల్ల పేజీలు, నగదుకి గులాబీ, బ్యాంకుకి పసుపు. అధికారులు సభల్ని వీడియో తీసి, జిల్లాలో ఖరారు చేసిన రేట్లతో తమ సొంత లెక్క, అంటే షాడో రిజిస్టర్, వేరే రాసుకుంటారు. ఫలితాలొచ్చిన 30 రోజుల్లో అభ్యర్థి తన లెక్క జిల్లా ఎన్నికల అధికారికి ఇవ్వాలి, సరైన కారణం లేకుండా ఇవ్వకపోతే మూడేళ్ల అనర్హత. ఆ లెక్కను ఒక్క రూపాయి ఫీజు కట్టి ఎవరైనా చూడొచ్చు, నిబంధనల్లోనే ఉంది! అయినా చూసేవాళ్లు ఎంత తక్కువమందో తలచుకుంటే బాధేస్తుంది. పెద్ద సభ జరిగిన రోజు పేజీ తీసి, కుర్చీలు ఎన్ని, టెంట్లు ఎన్ని, ఏ రేటుకి రాశారు, అదే రోజు షాడో రిజిస్టర్‌లో ఎంత ఉంది, తేడాకి అభ్యర్థి ఏం వివరణ ఇచ్చాడు అని వరసగా చదవగలిగేది మీ అమ్మాయిలా వోచర్లు చూసి అలవాటున్నవాళ్లే.

చేయాల్సిన పని ఇంకా బోలెడుంది. అభ్యర్థికి పరిమితి ఉంది, పార్టీ ఖర్చుకి లేదు. స్టార్ క్యాంపెయినర్ల ప్రయాణ ఖర్చు అభ్యర్థి ఖాతాలో పడదు. 20 వేల రూపాయలు దాటని విరాళాలకి దాత పేరు ఎన్నికల సంఘానికి చెప్పక్కర్లేదు. ఆరు జాతీయ పార్టీలు సమాచార హక్కు చట్టం కిందకి వస్తాయని 2013లో కేంద్ర సమాచార కమిషన్ తేల్చినా పార్టీలు దాన్ని అమలు చేయలేదు.

జీతం గురించి దాపరికం లేకుండా చెబుతాను. పోస్టులు తక్కువ, ఎక్కువగా ఢిల్లీలోనే, చాలావాటికి గ్రాంటు ఉన్నన్నాళ్లే ఉద్యోగం, మొదట్లో వచ్చేది సీఏకి వచ్చేదానికంటే బాగా తక్కువ. అందుకే ఆ సంస్థ రేపు మూతపడినా అన్నం పెట్టే అర్హత ఒకటి చేతిలో ఉండాలి. నా ఓటు లాసెట్ రాసి మూడేళ్ల ఎల్ఎల్‌బీకి. బార్‌లో ఎన్‌రోల్ అయితే మామూలు కేసులు చూసుకుంటూ ఈ కేసులూ చేయొచ్చు. సీఏ ఇంటర్ ఇప్పటికే ఒక గ్రూపు పాసై ఉంటే మాత్రం దాన్ని వదలొద్దు, పార్టీల ఆడిట్ రిపోర్టు చదవగలిగిన లాయర్లు చాలా అరుదు. చట్టసభల మీద పరిశోధన చేసే పీఆర్ఎస్ అనే సంస్థ ఇచ్చే ల్యాంప్ ఫెలోషిప్ కూడా చూడమనండి, అది ఒక ఎంపీ దగ్గర పరిశోధన సహాయకురాలిగా పనిచేయడం, సరిగ్గా ఇదే పని కాదు కానీ చట్టసభ లోపల నుంచి ఎలా నడుస్తుందో తెలుస్తుంది.

మీ భయం ఉత్తదే అనను. ఆర్టీఐ వేసినవాళ్ల మీద దాడులు జరిగిన సంగతి అందరికీ తెలిసిందే, ఒంటరిగా, సొంత ఊళ్లో, సొంత పేరుతో దరఖాస్తులు పెట్టినవాళ్లకే ముప్పు ఎక్కువ. కాబట్టి సంస్థ లెటర్‌హెడ్ మీదే అడగాలి, కాగితంలో ఉన్నదానికి మించి ఒక్క ముక్క రాయకూడదు, లేకపోతే పరువునష్టం నోటీసు ఇంటికొస్తుంది. ఇంకోటి, ఇది చాలామంది తేలిగ్గా తీసుకుంటారు: ఏ పార్టీ వైపూ మొగ్గకూడదు, వాట్సాప్ స్టేటస్‌లో కూడా. మీ బంధువుల్లో రాజకీయాల్లో ఉన్నవాళ్లుంటే చేరేటప్పుడే సంస్థకి చెప్పేయాలి.

ఈ సెలవుల్లో ఒక పని చేయించండి. మీ నియోజకవర్గంలో గత అసెంబ్లీ ఎన్నికల్లో మొదటి మూడు స్థానాల్లో ఉన్నవాళ్ల అఫిడవిట్లు, ఖర్చుల లెక్కలు సంపాదించి, ముగ్గురినీ ఒకే పట్టికలో పెట్టి, కనిపించిన తేడాల మీద రెండు పేజీలు రాయమనండి. మధ్యలో విసుగొచ్చి వదిలేస్తే సీఏ ఎలాగూ ఉంది. పూర్తి చేస్తే ఆ రెండు పేజీలూ జతచేసి ఇంటర్న్‌షిప్‌కి దరఖాస్తు పెట్టమనండి, మార్కుల మెమో కంటే ముందు వాళ్లు చదివేది దాన్నే.