పేర్లు చెప్పేవాళ్లు ఉన్నప్పుడే

"అన్నా, జీమెయిల్ నిండిపోయింది, మెయిళ్లు వస్తలేవు. ఫొటోలు తీసెయ్యనా?" అని పోయిన వారం ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. జడ్చర్ల పిల్లవాడు, ఇక్కడ డల్లాస్‌లో ఎమ్మెస్ మొదటి సెమిస్టర్. ఏదీ తీసెయ్యకు, ఆగు అని చెప్పి ఆ రాత్రి గంటసేపు మాట్లాడాను. కొత్తగా దిగే పిల్లలందరికీ పనికొస్తుందని అదే ఇక్కడ రాస్తున్నాను.

ముందు అతను అడిగినదానికి జవాబు. గూగుల్ ఉచితంగా ఇచ్చేది 15 జీబీ. మెయిలు, డ్రైవ్, ఫొటోలు అన్నీ అందులోనే సర్దుకోవాలి. సైజు తగ్గించి ఎక్కించిన ఫొటోలు 2021 జూన్ 1 దాకా లెక్కలోకి రాలేదు, ఆ తర్వాత ఎక్కించినవన్నీ వస్తాయి. ఆండ్రాయిడ్ ఫోన్‌లో వాట్సాప్ బ్యాకప్ కూడా ఇప్పుడు ఆ లెక్కలోనే. నెలకు ఒక కాఫీ డబ్బులు కడితే జాగా పెరుగుతుంది, కట్టండి. అయితే డబ్బు కట్టాం కదా, ఇక భయం లేదు అనుకోవద్దు. గూగుల్ ఫొటోస్‌లో ఒక ఫొటో చెరిపితే ఫోన్‌లోనూ పోతుంది, క్లౌడ్‌లోనూ పోతుంది. బ్యాకప్ అయినదైతే 60 రోజులు చెత్తబుట్టలో ఉంటుంది. ఐఫోన్‌వాళ్ల ఐక్లౌడ్‌లోనైతే మామూలుగా 30 రోజులే. అంటే రెండుచోట్ల కనబడుతున్నా అది ఒక్క కాపీయే.

ఒక్క కాపీ అంటే ఏమిటో నాకు నాయిన పోయినంక తెలిసింది. మాది కొల్లాపూర్ దగ్గర. నాయిన వాట్సాప్‌లో టైప్ చేసేవాడు కాదు, మాట్లాడి పంపేవాడు. వానలు పడ్డయి, బోరు పోస్తుంది, బిడ్డకు జరం తగ్గిందా, ఇవే మాటలు. మూడేండ్ల పాటు పంపినవన్నీ నా ఫోన్‌లోనే ఉన్నాయి. ఫోన్ మార్చేటప్పుడు బ్యాకప్ ఆన్‌లో ఉందో లేదో చూసుకోలేదు. పాతది షాపులో ఇచ్చేసి వచ్చాను. తర్వాత రెండు నెలలకే నాయిన పోయాడు. ఇప్పుడు నా దగ్గర ఆయన గొంతు పదకొండు సెకండ్లే ఉంది: "మామిడికాయలు దిగినయి బిడ్డా, నువ్వుంటే బాగుండు." అది కూడా ఆ రోజు అక్కకు ఫార్వర్డ్ చేశాను కాబట్టి అక్క ఫోన్‌లో మిగిలింది.

అందుకే చెప్తున్నా. మీ అమ్మానాయినల వాయిస్ మెసేజీని నొక్కి పట్టి, షేర్ కొట్టి, డ్రైవ్‌లోకో కంప్యూటర్‌లోకో ఈ రోజే దించుకోండి. ఓపస్ అనే ఫైలుగా వస్తుంది, వీఎల్‌సీ అనే ప్లేయర్‌లో వినపడుతుంది. మంచి ఫొటో అయితే వాళ్లను డాక్యుమెంట్‌గా పంపమనండి. మామూలుగా పంపితే వాట్సాప్ దాన్ని కుదించేస్తుంది, ఎప్పుడు, ఎక్కడ తీశారన్న వివరం కూడా చెరిగిపోతుంది.

ఇక్కడికి వచ్చిన పిల్లలు మరచిపోయేవి ఇంకో రెండున్నాయి. యూనివర్సిటీ ఇచ్చిన అకౌంటులో సొంత ఫొటోలు, కాగితాలు పెట్టుకోవద్దు. చదువు అయినంక చాలాచోట్ల ఆ అకౌంటు మూసేస్తారు, లేదా జాగా తగ్గిస్తారు. ఆఫీసు ల్యాప్‌టాప్ కూడా అంతే. లేఆఫ్ చెప్పిన గంటకే లాగిన్ ఆగిపోయి, పెండ్లి ఫొటోలు, పాత ఐ-20లు (స్టూడెంట్ వీసాకు యూనివర్సిటీ ఇచ్చే కాగితాలు), పే స్లిప్పులు అందులోనే ఉండిపోయినవాళ్లు నాకు తెలుసు. రెండోది ఇండియా సిమ్. 90 రోజులు వాడకపోతే నంబరు ఆపేసి, కొన్నాళ్లకు వేరేవాళ్లకు ఇచ్చేయవచ్చు. మీ వాట్సాప్, మీ జీమెయిల్ ఓటీపీ దానికే వస్తుంటే తాళంచెవి ఎవరి చేతికో పోయినట్టే. రీచార్జి చేస్తూ ఉండండి. జీమెయిల్‌కు సిమ్‌తో పని లేకుండా ఫోన్‌లోనే కోడ్ చూపించే అథెంటికేటర్ యాప్ పెట్టుకోండి, గూగుల్ ఇచ్చే బ్యాకప్ కోడ్లు ప్రింటు తీసి పాస్‌పోర్టుతో కలిపి పెట్టండి.

నిల్వకు ఫొటోగ్రాఫర్లు పాటించే లెక్క ఒకటుంది: మూడు కాపీలు, రెండు రకాల చోట్ల, ఒకటి ఇంటికి దూరంగా. నాది ఇట్లా ఉంటుంది. ఒకటి క్లౌడ్‌లో, ఒకటి ఇక్కడి హార్డ్ డిస్కులో, ఒకటి మహబూబ్‌నగర్‌లో అక్క బీరువాలో. ఊరికి పోయినప్పుడల్లా కొత్తవి నింపిన డిస్కు తీసుకుపోయి పాతది తెచ్చుకుంటాను. ఐదేండ్లకోసారి డిస్కు మారుస్తాను. పెన్‌డ్రైవులో పెట్టి మరచిపోవద్దు, ఏండ్ల తరబడి కరెంటు తగలకపోతే అందులోది చెరిగిపోవచ్చు. పాత పెండ్లి క్యాసెట్లుంటే తొందరగా ఎంపీ4 చేయించండి. టేపు పాడవుతుంది, వీసీఆర్‌లు కూడా కొత్తవి తయారు కావడం లేదు. తాత చెప్పగా రాయించిన మా వంశం వివరం డీటీపీ ఫైలు ఇప్పుడు తెరిస్తే అర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు వస్తున్నాయి. అప్పటి ఫాంట్లు యూనికోడ్ కావు, అంటే ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగు తెలుగుగానే కనబడే పద్ధతివి కావు. ప్రింటు ఉంది కాబట్టి బతికింది. తెలుగులో రాసుకునేది యూనికోడ్‌లో రాసి, ఒక పీడీఎఫ్ కూడా చేసి పెట్టండి.

డిస్కులు కొనుక్కోవచ్చు. కొనలేనిది పేర్లు.

మా అవ్వ పుట్టిన ఊరు శ్రీశైలం డ్యాం నీళ్లలో మునిగింది. ఆ ఊళ్లో తీసిన ఫొటో మా ఇంట్లో ఒక్కటే ఉంది: మట్టిగోడ ముందర నిలబడ్డ ఎనిమిదిమంది ఆడవాళ్లు. అదే మునకలో కూడవెల్లి సంగమేశ్వరుడి గుడిని విప్పి అలంపురంలో మళ్లీ కట్టారు. రాయిరాయికీ నంబరు వేసి పెట్టారు కాబట్టే గుడి మళ్లా గుడి అయిందని నాయిన చెప్పేవాడు. పోయిన సంక్రాంతికి ఆ ఫొటో 600 డీపీఐలో, అంటే చిన్న వివరం కూడా కనబడేంత స్పష్టంగా, స్కాన్ చేసి, ల్యాప్‌టాప్ అమ్మ ముందర పెట్టి, పక్కన ఫోన్‌లో రికార్డింగ్ ఆన్ చేశాను. అమ్మ కండ్లద్దాలు పైకి జరిపి, ఒక్కొక్క మొహం మీద వేలు పెట్టింది. "గీమె మీ అవ్వ చెల్లె. ఊరు మునిగినంక పెబ్బేరు దిక్కు పోయిండ్రు. గీమె చేతిల ఉన్న పిల్లనే నేను."

నలభై ఏండ్లుగా ఆ ఫొటో గోడకే ఉంది. ఆ పిల్ల అమ్మ అని నాకు ఆ రోజు దాకా తెలియదు. ఎనిమిదిమందిలో ఆరుగురి పేర్లు దొరికాయి. మిగతా ఇద్దరు ఎవరో చెప్పగలిగే అవ్వ లేదు.

ఐఎంజీ అని మొదలయ్యే అంకెల పేరుతో ఏ ఫొటోనూ వదలొద్దు. ఏ ఏడు, ఏ ఊరు, ఎవరెవరు, ఎవరు చెప్పారు, ఇవి ఫైలు పేరులోనే రాయండి. ఏడు తెలియకపోతే "ఊరు మునగకముందు" అని రాసినా చాలు. అమ్మ మాటల రికార్డింగు కూడా అదే ఫోల్డర్‌లో పెట్టండి.

మనం లేకపోతే ఇవన్నీ తెరిచేదెవరో కూడా ఇప్పుడే చెప్పి పెట్టాలి. గూగుల్‌లో ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్ అని ఉంటుంది, పదిమంది దాకా పేర్లు ఇవ్వచ్చు. రెండేండ్లు ఎవరూ వాడని అకౌంటును గూగుల్ చెరిపేయవచ్చు కూడా. ఐఫోన్‌లో లెగసీ కాంటాక్ట్ అంటారు. నేను మా ఆవిడ పేరు, అక్క పేరు ఇచ్చాను.

అమ్మ దగ్గర ఇంకా రెండు ఆల్బమ్‌లు మిగిలాయి. డిసెంబరుకు టికెట్ తీసుకున్నాను, స్కానర్ ఈసారి చేతి బ్యాగులోనే పెట్టుకుపోతున్నాను.