ఎలుకల రిఫ్లెక్సులు చూసి మందు విషమో కాదో చెప్పగలరా?

"ఎలుకను వెల్లకిలా పడుకోబెట్టి, అది తిరిగి లేస్తుందో లేదో చూసి మందు ప్రమాదమో కాదో తేల్చేస్తారట. ఇదేం సైన్సు? ఆపేయొచ్చు కదా?" అని మీ ప్రశ్న. నేను విజయనగరం దగ్గర ఫార్మకాలజీలో, అంటే మందులు ఒంట్లో ఎలా పనిచేస్తాయో చెప్పే చదువులో, ఎం.ఫార్మసీ చేశాను. ఇప్పుడు పైడిభీమవరం వైపు ఒక ఫ్యాక్టరీలో క్వాలిటీ పని. ఎలుకల మొహం చూసి చాలా కాలమైంది. అయినా ఈ ప్రశ్న చూశాక ఊరుకోలేకపోయాను.

చెప్పగలరు. ఎన్ని చచ్చాయని లెక్కబెట్టడం కన్నా ఇదే వెయ్యి రెట్లు నయం. గొడవంతా పరీక్షతో కాదు, చూసే మనిషితో.

చేసేది బ్రహ్మవిద్య ఏమీ కాదు. మామూలు ఎలుకను వెల్లకిలా పెడితే రెప్పపాటులో తిరిగి కూర్చుంటుంది. చెవి లోపల సన్నటి పోగుతో తాకితే చెవి విదిలిస్తుంది, కంటికి తగిలిస్తే రెప్ప వేస్తుంది, టక్కుమని చప్పుడు చేస్తే ఉలిక్కిపడుతుంది. ఇవే రిఫ్లెక్సులు. మందు మెదడు మీదో నరాల మీదో పనిచేస్తే వీటిలో ఏదో ఒకటి మందగిస్తుంది, లేదా శ్రుతి మించుతుంది. ఇలాంటివన్నీ వరసగా చూసి మార్కులు వేసే పద్ధతిని ఇర్విన్ అనే ఆయన చిట్టెలుకల మీద 1968లో రాశాడు. కొత్త మందుల పరీక్షల్లో ఇప్పటికీ దాని పేరే చెబుతారు. అంతకు ముందు 1927లో ట్రెవన్ తెచ్చిన ఎల్‌డీ50 ఉండేది, అంటే సగం జంతువులు చచ్చే డోసు. రసాయనాల పరీక్షలకు పద్ధతులు రాసే అంతర్జాతీయ సంస్థ ఓఈసీడీ, నోటి ద్వారా ఇచ్చే ఆ పాత పరీక్షను 2002లో తన పుస్తకంలోంచి తీసేసింది. పీడా పోయింది.

ఇప్పుడు చూసే మనిషి సంగతి. మా బ్యాచ్‌లో ఒకతని ప్రాజెక్టు ఏదో ఆకు ఎక్స్‌ట్రాక్ట్ మీద. మన ఫార్మసీ కాలేజీల సంగతి తెలిసిందేగా, ఊరి చివర కనపడిన ప్రతి మొక్కా షుగరుకో లివరుకో మందే. ముందు అది విషం కాదని చూపించాలి. ఓఈసీడీ 423వ పద్ధతి ప్రకారం మూడు ఆడ ఎలుకలకు కిలో బరువుకు 2000 మిల్లీగ్రాములు పట్టించి, మొదటి అరగంటలో ఒకసారైనా చూసి, మొదటి నాలుగు గంటలు మరింత కనిపెట్టి, తర్వాత 14 రోజులు రోజూ చూడాలి. మావాడు డోసు పట్టించి టీకి వెళ్లాడు. నేను పక్క గదిలో ఉన్నాను. జంతువుల గది చూసుకునే పెద్దాయన, చీపురుపల్లి వైపు మనిషి, తలుపు దగ్గరకొచ్చి, "బాబూ, ఓపాలి ఇలా రా. ఈ ఎలక్కేటో అయిపోనాది" అన్నాడు.

పైకి ఏమీ లేదు. కళ్లు తెరిచే ఉంది, ఊపిరి బాగానే ఉంది, ఒంటి మీద బొచ్చు మాత్రం కొంచెం లేచి ఉంది. చప్పట్లు కొడితే మిగతా రెండూ అదిరిపడ్డాయి, ఇది చెవి కదిపి ఊరుకుంది. బల్ల మీద వెల్లకిలా పెట్టాను. తల తిరిగింది, ముందు కాళ్లు తిరిగాయి, నడుము కింది భాగం మాత్రం తిరగలేదు. పిండిన తువ్వాలులా మెలిపడి అలాగే ఉండిపోయింది. కాసేపటికి వెనక కాళ్లు ఒక్కొక్కటీ లాక్కుని లేచింది. మళ్లీ పెడితే మళ్లీ అంతే. మర్నాడు పొద్దున చూస్తే హాయిగా మేత తింటోంది.

వాళ్ల గైడ్‌కి చెప్పాం. "చచ్చిందా? లేదుగా. రాసెయ్" అన్నారు. రాసేశాడు: 2000 మిల్లీగ్రాముల వరకు ఎలాంటి విషలక్షణాలూ కనపడలేదు. పద్నాలుగు రోజుల గడుల్లోనూ ఒకే ఇంకుతో, ఒకే పూట రాసిన 'నార్మల్'. ఐదో తరగతి చదివిన పెద్దాయన కళ్లకు కనపడింది థీసిస్‌కి కనపడలేదు.

ఇంకొకటి. ఏ ఎలుకకు మందిచ్చారో, దేనికి ఉత్త నీళ్లిచ్చారో మార్కులు వేసేవాడికి తెలియకూడదు. మన దగ్గర ఇచ్చేదీ అతనే, వేసేదీ అతనే. ఎలుకల గది 22 డిగ్రీలుండాలి, మూడు అటూ ఇటూ. మే నెలలో మా వైపు కరెంటు పోయి, జనరేటరుకు డీజిల్ లేకపోతే ఆ గది ఎంతకెళ్తుందో అడక్కండి. ఉడికిపోయిన ఎలుక రిఫ్లెక్సు మందు గురించి చెబుతుందా, కరెంటోళ్ల గురించి చెబుతుందా?

ఎలుక అన్నీ చెప్పేస్తుందని కూడా అనను. 1930లో అమెరికాలో అల్లంసారా లాంటి ఒక సరుకులో టీఓసీపీ అనే రసాయనం కలిసి వేలమందికి కాళ్లు పడిపోయాయి. అలా కొన్ని వారాల తర్వాత బయటపడే పక్షవాతం ఎలుకల్లో అంత తేలిగ్గా కనపడదు. అందుకే ఆ రకం ఆర్గానోఫాస్ఫేట్లను (టీఓసీపీ జాతి రసాయనాలు, చాలా పురుగుమందులూ ఈ జాతివే) కోళ్ల మీద చూస్తారు, నడక తూలుతుందేమోనని. మన దేశం కాస్మెటిక్స్‌కి జంతు పరీక్షలను 2014లో నిషేధించింది. కొత్త మందులకు కూడా కణాల మీద, అవయవంలా పనిచేసేలా కణాలు పెంచిన చిప్‌ల మీద చేసే పరీక్షలు చెల్లుతాయని 2023లో నిబంధనలు సవరించింది. సంతోషమే. కానీ గిన్నెలో పెంచిన కణాన్ని వెల్లకిలా ఎలా పడుకోబెడతారు?

నా అసలు బాధ వేరే ఉంది. పురుగుమందు డబ్బా మీద రంగు త్రికోణం ఉంటుంది కదా, ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ. అది వచ్చింది ఆ ఎల్‌డీ50 లెక్క నుంచే. నోటి ద్వారా కిలోకి 50 మిల్లీగ్రాముల లోపే చంపేస్తే ఎరుపు, 500 దాకా పసుపు, అలా. చచ్చే డోసు చెబుతుందే తప్ప, చావకుండా చేతులు వణికే డోసు చెప్పదు. రాజాం దగ్గర మా చిన్నాన్న పసుపు త్రికోణం మందు మూతికి తువ్వాలు చుట్టుకుని కొట్టి వస్తాడు. సాయంత్రానికి కళ్లు మసక, నోట్లో నీళ్లూరడం, చేతివేళ్లు అదరడం. టార్చి వేస్తే కంటిపాపలు ఆవగింజంత ఉన్నాయి. ఇది ఫార్మకాలజీ మొదటి పాఠం. నరాల సంకేతాన్ని సమయానికి ఆపే కోలినెస్టరేజ్ అనే ఎంజైమును మందు నొక్కేస్తే ఇవే కనపడతాయి. "ఏటవదురా, ఎండదెబ్బ" అన్నాడు. కాలిఫోర్నియాలో ఇలాంటి మందులు కొట్టే కూలీలకు ఆ ఎంజైము రక్తపరీక్ష చేయించాలని 1974 నుంచీ రూలుంది. మా మండలంలో అలాంటిది నేనెప్పుడూ చూడలేదు. ఎలుకకైతే చెవి కదిలిందో లేదో రాసుకునేవాడు ఒకడుంటాడు, చిన్నాన్నకి ఎవడున్నాడు?

ఆ రాత్రి బలవంతాన ఆసుపత్రికి తీసుకెళ్లాం, అట్రోపిన్ అనే విరుగుడు ఇచ్చారు, కుదుటపడ్డాడు. డాక్టరు మొదట అడిగింది మందు పేరు. డబ్బా పొలం గట్టు మీదే పారేసి వచ్చాడాయన. నేను బండేసుకుని వెళ్లి, ఫోన్ లైటుతో వెతికి తెచ్చాను. మీ ఇంట్లో మందు కొట్టేవాళ్లుంటే, ఆసుపత్రికి బయల్దేరే ముందు ఆ లేబులుకి ఒక ఫొటో తీసుకోండి.