టెక్ సందేహాలు: నేను ఆడో మగో పాటల యాప్‌కి ఎందుకు?

ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో సగం పాటల యాప్‌ల గొడవే. కాబట్టి ప్రింటర్లు, వాచిపోయిన బ్యాటరీలు వచ్చే వారం చూద్దాం.

ప్రశ్న: స్పాటిఫైలో ఖాతా తెరిచినప్పుడు జెండర్ దగ్గర ‘ఉమన్’ అని పెట్టాను. నాకు ఇష్టమైనవి రాక్, తీన్మార్ బీట్లు. హోమ్ పేజీ నిండా మాత్రం మెలోడీలు, ప్రేమ పాటలు, లాలిపాటలు. అమ్మాయిని కాబట్టే ఇలా ఇస్తోందా? జెండర్ మార్చేస్తే సరిపోతుందా? (కరీంనగర్ నుంచి ఒక పాఠకురాలు)

మార్చుకోవచ్చు. బ్రౌజర్‌లో స్పాటిఫై అకౌంట్ పేజీకి వెళ్లి ఎడిట్ ప్రొఫైల్ తెరవండి. అక్కడ జెండర్ గడి ఉంటుంది, చెప్పడం ఇష్టం లేదనే ఎంపిక కూడా ఉంటుంది. కానీ అది మార్చినంత మాత్రాన తెల్లారేసరికి తీన్మార్ మోగుతుందని ఆశపడకండి. ఆ గడి ప్రకటనలకు పనికొస్తుంది. ఫలానా వయసు ఆడవాళ్లకు, ఫలానా వయసు మగవాళ్లకు అని ఎంచుకునే సదుపాయం ప్రకటనలిచ్చేవాళ్లకు ఉంది.

మీ ఉత్తరంలో నాకు అనుమానం వచ్చింది ‘లాలిపాటలు’ అన్నచోట. ఇంట్లో చంటిపాప ఉందా? హాల్లో స్పీకర్‌కి మీ ఖాతాయే కలిపి ఉందా? అలాగైతే సంగతి తేలిపోయినట్టే. వదినో అక్కో పాపను పడుకోబెట్టడానికి రాత్రి లాలిపాట పెడతారు. పాప నిద్రపోతుంది, పాటలు గంటసేపు అలా మోగుతూనే ఉంటాయి. ఒక్కటి కూడా ఎవరూ దాటవేయరు. స్పాటిఫైలో 30 సెకన్లు మోగితే పాట విన్నట్టే లెక్క. బస్సులో మీరు తీన్మార్ వినేటప్పుడేమో ‘ఇది కాదు, ఇది కాదు’ అంటూ పది సెకన్లకో పాట మారుస్తారు. యాప్‌కి కనిపించేది ఇంతే: లాలిపాటలంటే మీకు ప్రాణం, బీట్లంటే విసుగు.

కాబట్టి ఆ లాలిపాటల ప్లేలిస్ట్ తెరిచి, మూడు చుక్కలు నొక్కి, ‘ఎక్స్‌క్లూడ్ ఫ్రమ్ యువర్ టేస్ట్ ప్రొఫైల్’ ఎంచుకోండి. టేస్ట్ ప్రొఫైల్ అంటే మీ అభిరుచి గురించి యాప్ రాసుకున్న లెక్క. అలా చేస్తే ఆ ప్లేలిస్ట్‌లోంచి మోగినవాటి ప్రభావం మీకు వచ్చే సూచనల మీద తగ్గుతుంది. అసలు స్పీకర్‌కి వేరే ఖాతా పెడితే ఇంకా మంచిది.

అభిరుచిలో ఆడామగా తేడా బొత్తిగా లేదని మాత్రం అనను. 2018లో న్యూయార్క్ టైమ్స్‌లో ఒక డేటా నిపుణుడు స్పాటిఫై లెక్కలు తీసి, పెద్దయ్యాక మనం తిరిగి తిరిగి వినేవి ఏ వయసులో విన్న పాటలో చూశాడు. ఆడవాళ్లకు 11 నుంచి 14 ఏళ్ల మధ్య, మగవాళ్లకు 13 నుంచి 16 మధ్య వచ్చినవట. అంటే తేడా రెండేళ్లు. దాన్నిబట్టి ఆడపిల్లకు మెలోడీ, మగపిల్లాడికి బీటు అని పంచిపెట్టడం కుదరదు.

యాప్‌లలో జెండర్ పేచీ నిజంగా ఉన్నది పాడేవాళ్ల దగ్గర. బార్సిలోనాలోని పాంపేయు ఫాబ్రా, నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు 2021లో ఒక సిఫార్సు పద్ధతిని, అంటే వినేవాళ్లకు ఏ పాటలు చూపాలో తేల్చే పద్ధతిని పరీక్షించారు. జాబితాలో మొదట మగ కళాకారులే వచ్చారు, సగటున ఆరు పాటలు దాటాక గానీ ఒక మహిళ పాట రాలేదు. జనం ఆ పైనున్నవే నొక్కుతారు, అవే మళ్లీ పైకి వస్తాయి. మన సినిమా పాటలకు సంగీత దర్శకుడి పేరు ముందుంటుంది, యుగళగీతానికి ఇద్దరి పేర్లూ ఉంటాయి కాబట్టి ఇక్కడ లెక్క అంత సూటిగా తేలదు. అయినా సుశీల, జానకి, చిత్ర పాటలు వరసగా కావాలనుకుంటే యాప్ ఇచ్చేదాకా చూడకుండా, పేరు వెతికి ఫాలో కొట్టండి.

ప్రశ్న: పోయిన ఏడాది ప్రేమ విఫలమై నెలల తరబడి యూట్యూబ్ మ్యూజిక్‌లో విషాద గీతాలే విన్నాను. ఇప్పుడు పెళ్లి కుదిరింది. కార్లో ఫోన్ కలిపితే కాబోయే ఆవిడ ముందు అవే మోగుతున్నాయి. ఒకటే టెన్షన్. ఖాతా తీసేయమంటారా? (రాజమహేంద్రవరం)

ముందుగా శుభాకాంక్షలు. ఖాతా జోలికి పోకండి.

యాప్‌లో మీ ప్రొఫైల్ బొమ్మ నొక్కి హిస్టరీలోకి వెళ్లండి. ఒక్కో పాట పక్కన మూడు చుక్కలు, అందులో ‘రిమూవ్ ఫ్రమ్ హిస్టరీ’. నెలల తరబడి అంటున్నారు కాబట్టి ఒక్కొక్కటే తీస్తూ కూర్చుంటే ముహూర్తం వచ్చేస్తుంది. గూగుల్ ఖాతాలోని ‘మై యాక్టివిటీ’లో యూట్యూబ్ హిస్టరీని తేదీల వారీగా చెరిపేయొచ్చు. ఆ నెలలు ఎంచుకుని ఒక్క దెబ్బకు తుడిచేయండి. అప్పట్లో లైక్ కొట్టినవి ఉంటే అవీ వెనక్కి తీసుకోండి. చాలామంది మర్చిపోయేది ఇదే: యూట్యూబ్‌లో పాట వీడియోకి కొట్టిన లైక్ మ్యూజిక్ యాప్‌లోకీ వస్తుంది. మళ్లీ ఎప్పుడైనా మనసు బాగోక అలాంటివి వినాలనిపిస్తే, సెట్టింగ్స్‌లో వాచ్ హిస్టరీని కాసేపు ఆపి వినండి. తర్వాత మళ్లీ ఆన్ చేయడం మరవకండి.

ఆవిడ ఈలోపే అడిగితే ఇది చెప్పండి. 2014లో విషాద సంగీతం వినే 772 మందిని ఇద్దరు పరిశోధకులు సర్వే చేస్తే, వింటున్నప్పుడు ఎక్కువ మందికి కలిగేది దుఃఖం కాదు, పాత జ్ఞాపకాల బెంగ అని తేలింది. ఎవరి జ్ఞాపకాలు అని ఆవిడ అడిగితే నా దగ్గర జవాబు లేదు.

ప్రశ్న: రాత్రి పదకొండు కాగానే యాప్ బాధ పాటల జాబితా తెచ్చి పెడుతుంది. నిజంగానే దిగులుగా ఉంటాను. మైక్‌లోంచి వింటోందా? (హైదరాబాద్‌లో హాస్టల్ విద్యార్థిని)

మైక్ అక్కర్లేదు, గడియారం చాలు. స్పాటిఫై 2023లో తెచ్చిన డేలిస్ట్ అనే ప్లేలిస్ట్ చేసేది అదే. రోజులో ఏ వేళ మీరు ఏం వింటారో చూసి, ఆ వేళకు అలాంటివే సర్దిపెడుతుంది. ఇక పాట బాధదా, హుషారుదా అన్నది మెషీన్ ధ్వని చూసి అంచనా వేస్తుంది. 2014లో స్పాటిఫై కొన్న ఎకో నెస్ట్ అనే సంస్థ పాటకు సున్నా నుంచి ఒకటి వరకు ‘వేలెన్స్’ అని మార్కు వేసేది. ఒకటికి దగ్గరగా ఉంటే హుషారు, సున్నాకు దగ్గరైతే దిగులు. ధ్వనికి మార్కు వేస్తే సాహిత్యం లెక్కలోకి రాదు. చప్పట్ల మీద సాగే బతుకమ్మ పాటలో పుట్టింటి బెంగ ఉన్నా, లయ చూసి ఉల్లాసం అనే అంటుంది.

మీ భయం మరీ గాల్లోంచి వచ్చింది కూడా కాదు. మాటను బట్టి మనిషి భావోద్వేగం, జెండర్, వయసు, యాస పసిగట్టి పాటలు సూచించే పద్ధతికి 2021 జనవరిలో స్పాటిఫైకి పేటెంట్ వచ్చింది. సంగీతకారులు, హక్కుల సంఘాలు బహిరంగ లేఖ రాశాయి. దాన్ని అమలు చేయలేదని, చేసే ఆలోచనా లేదని కంపెనీ చెప్పింది. గొంతు విని ఇది ఆడమనిషి, ఇది ఏడుపు అని తేల్చే మెషీన్ నాకు అస్సలు నచ్చదు, అది ఎవరు తయారుచేసినా సరే. ఫోన్ సెట్టింగ్స్‌లో ఆ యాప్‌కి మైక్ అనుమతి తీసేయండి. పాటలు మామూలుగానే వస్తాయి, యాప్‌తో మాట్లాడి పాట వెతకడం ఒక్కటే పోతుంది.

ప్రశ్న: ఒకే హెడ్‌ఫోన్స్. నాకు బేస్ దద్దరిల్లాలి, మా ఆవిడకు తలనొప్పి వస్తుంది. ఇద్దరికీ సరిపడే సెట్టింగ్ ఉందా? (ఒంగోలు)

మీ ఇంటి పేచీ పాతదే. మగవాళ్లు ఎక్కువ బేస్‌కి మొగ్గు చూపుతారని 1997లోనే ఒక అధ్యయనం వచ్చింది. అది సగటు మాట, బేస్ పిచ్చి ఉన్న ఆడవాళ్లూ నాకు తెలుసు.

మధ్యస్థం వెతకొద్దు, ఎవరి ఫోన్‌లో వాళ్లు ఈక్వలైజర్ (ఏ శబ్దం ఎంత వినిపించాలో గీతలతో సర్దే సెట్టింగ్) మార్చుకోండి. ఆవిడ ఫోన్‌లో బేస్‌కి సంబంధించిన 60, 150 హెర్ట్జ్ గీతలు కొంచెం కిందికి దించండి, మిగతావి కదపకండి. మీ ఫోన్‌లో అవే గీతలు పైకి లాగితే కొన్నిసార్లు శబ్దం పగులుతుంది. అందుకని మిగతా గీతలను దించి బేస్‌ను ఉన్నచోటే ఉంచండి, తర్వాత వాల్యూమ్ ఒక మెట్టు పెంచుకోండి. హెడ్‌ఫోన్స్ కంపెనీ యాప్‌లో ‘బేస్ బూస్ట్’ ఆన్ చేసి ఉంటే ముందు దాన్ని ఆపేయండి, లేదంటే ఆవిడ ఫోన్‌లో ఎంత దించినా లాభం ఉండదు.