ఆఫ్ చేసినా ఆరని లైటు, తెల్లారేసరికి దిగిపోయే బ్యాటరీ

ప్రశ్న: మా కారుకి నాలుగు బటన్ల ఎలక్ట్రానిక్ స్విచ్ మాడ్యూల్ పెట్టించాం. ఒక బటన్ మీద 55 వాట్ల హాలోజన్ ఫాగ్ ల్యాంపులు రెండు, ఇంకో బటన్ మీద ఎల్ఈడీ స్ట్రిప్ ఉన్నాయి. మాడ్యూల్ బాగా వేడెక్కుతోంది. ఆఫ్ చేసినా స్ట్రిప్ సన్నగా వెలుగుతోంది. నాలుగైదు రోజులు బండి తీయకపోతే సెల్ఫ్ కొట్టడం లేదు. మాడ్యూల్ పాడైందా?

జవాబు: మాడ్యూల్‌ని మార్చే ముందు వైరింగ్ చూడండి. రెండు ల్యాంపులు కలిపి 110 వాట్లు, అంటే 12 వోల్టుల దగ్గర 9 ఆంపియర్ల పైమాటే. అంత కరెంటు మాడ్యూల్ లోంచి పోనివ్వకూడదు. మాడ్యూల్ పని రిలేని (చిన్న కరెంటు కాయిల్‌లో పారితే పెద్ద కరెంటుని కలిపే స్విచ్‌ని) లాగడం వరకే.

నాలుగు పిన్నుల 12 వోల్టుల రిలే తీసుకోండి. బ్యాటరీ ప్లస్ నుంచి 15 ఆంపియర్ల ఫ్యూజ్ మీదుగా రిలే 30 నంబరు పిన్నుకి, 87 నంబరు పిన్ను నుంచి ల్యాంపులకి 2.5 స్క్వేర్ ఎంఎం వైరు వెయ్యండి. ఫ్యూజ్ బ్యాటరీకి జానెడు దూరంలోనే ఉండాలి. దూరంగా పెడితే, బ్యాటరీకీ ఫ్యూజ్‌కీ మధ్య వైరు బాడీకి రాసుకున్నప్పుడు కాపాడేది ఏదీ ఉండదు. మాడ్యూల్‌లో ఆ బటన్ నుంచి వచ్చే వైరు 86కి, ఎర్త్ 85కి (ఈ రెండూ కాయిల్ పిన్నులు). అయితే కొన్ని మాడ్యూళ్లు ప్లస్ ఇవ్వవు, ఎర్త్ ఇస్తాయి. బటన్ ఆన్ చేసి, ఆ వైరుకీ బాడీకీ మధ్య మీటర్ పెట్టండి. 12 వోల్టులు చూపకపోతే, వైరుకీ బ్యాటరీ ప్లస్‌కీ మధ్య చూడండి. ఇక్కడ చూపిస్తే ఎర్త్ రకం: 86కి ప్లస్, 85కి మాడ్యూల్ వైరు ఇవ్వాలి. ఎర్త్ థింబుల్ (వైరు కొసన ఉండే రింగు) బాడీకి బిగించే చోట పెయింటు గీకి మెరిసే ఇనుము కనపడేదాకా తీయాలి. చాలామంది వదిలేసేది ఇదే.

స్ట్రిప్ సంగతికొస్తే, మాడ్యూల్ లోపల స్విచ్‌లా పనిచేసే ట్రాన్సిస్టర్ ఆఫ్‌లో ఉన్నా కొద్దిగా లీకవుతుంది. హాలోజన్‌కి అది లెక్కలోకి రాదు, ఎల్ఈడీ మాత్రం వెలుగుతుంది. స్ట్రిప్ ప్లస్, మైనస్‌ల మధ్య 1 కిలో ఓమ్, అర వాట్ రెసిస్టర్ కలపండి, ఆరిపోతుంది.

ఇక బ్యాటరీ. మాడ్యూల్‌కి లావు ఎర్ర వైరుతో పాటు ఒక సన్న వైరు కూడా ఉంటే, దాన్ని ఇగ్నిషన్ ఆన్‌లో మాత్రమే కరెంటు వచ్చే ఫ్యూజ్‌కి ఫ్యూజ్ ట్యాప్‌తో (ఫ్యూజ్ చోట గుచ్చి అదనపు వైరు తీసుకునే కనెక్టర్‌తో) ఇవ్వాలి. రెండింటినీ కలిపి బ్యాటరీకి తగిలిస్తే మాడ్యూల్ రాత్రంతా మేలుకునే ఉంటుంది. తేల్చుకోవడానికి తాళం తీసేసి, బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ నుంచి వైరు విప్పి, ఆ టెర్మినల్‌కీ విప్పిన వైరుకీ మధ్య మీటర్‌ని 10 ఆంపియర్ల రేంజ్‌లో పెట్టండి. అరగంట ఆగితే కారు కంప్యూటర్లు నిద్రపోతాయి. అప్పుడు రీడింగ్ 50 మిల్లీ ఆంపియర్ల లోపు ఉండాలి. మాడ్యూల్ ఫ్యూజ్ పీకితే ఎంత తగ్గుతుందో అంత దానిదే. 100 మిల్లీ ఆంపియర్లంటే రోజుకి 2.4 ఆంపియర్ అవర్లు. నాలుగు రోజుల్లో 10 దాకా పోతుంది, వయసైన 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీకి ఆ దెబ్బ చాలు. మీటర్ తగిలించి ఉన్నప్పుడు తాళం తిప్పవద్దు, దాని ఫ్యూజ్ పోతుంది.

ప్రశ్న: పార్కింగ్ లైటు వైరు నుంచి రిలేకి ట్రిగ్గర్ (కాయిల్‌ని ఆన్ చేసే కరెంటు) ఇచ్చాం. రిలే కిర్రుమంటోంది, ఎందుకు?

జవాబు: కొత్త కార్లలో చాలావాటికి బల్బులకి కరెంటు నిలకడగా రాదు, సెకనుకి వందసార్లు తెగుతూ కలుస్తూ వస్తుంది. కంటికి తెలియదు గానీ రిలే కాయిల్‌కి తెలుస్తుంది. ట్రిగ్గర్ కూడా ఇగ్నిషన్ ఫ్యూజ్ నుంచే తీసుకోండి.

ప్రశ్న: రిలే పెట్టాక మాడ్యూల్‌లో ఆ బటనే పనిచేయడం మానేసింది.

జవాబు: రిలే ఆఫ్ అయ్యే క్షణంలో కాయిల్ ఎదురు వోల్టేజి కొడుతుంది, ట్రాన్సిస్టర్‌ని చంపేది అదే. 85, 86ల మధ్య 1ఎన్4007 డయోడ్ (కరెంటుని ఒక వైపే పోనిచ్చేది) పెట్టండి, గీత ఉన్న కొస ప్లస్ వైపు ఉండాలి. తిరగేస్తే నేరుగా షార్ట్ అయి కొత్త మాడ్యూల్ కూడా పోతుంది.